గర్భిణుల ముక్కు దిబ్బడకు ఏ స్ప్రే? నాసోక్లియర్, ఓట్రివిన్‌లపై సమీక్ష

జలుబు, అలర్జీ ఏవీ లేకపోయినా గర్భిణుల్లో కొందరికి వారాల తరబడి ముక్కు మూసుకుపోయే ఉంటుంది. హార్మోన్ల ప్రభావం వల్ల, ఒంట్లో రక్తం పరిమాణం పెరగడం వల్ల ముక్కు లోపలి పొర ఉబ్బుతుందని, ప్రసవమైన రెండు వారాల్లోపు సాధారణంగా దానంతటదే తగ్గుతుందని వైద్యులు చెబుతారు. నాకు ఐదో నెలలో మొదలైన ఈ ఇబ్బందికి మా గైనకాలజిస్టు నాసోక్లియర్ రాశారు.

ఇందులో ఉన్నది 0.65 శాతం సోడియం క్లోరైడ్, అంటే ఉప్పునీరే. రక్తనాళాల మీద పనిచేసే మందు లేదు కనుక అవసరమైనప్పుడల్లా, నెలల పాటు కూడా వాడుకోవచ్చు. అయితే ఇది ముక్కును పూర్తిగా తెరుస్తుందని ఆశించకూడదు. పడుకునే ముందు కొట్టుకుని, నెమ్మదిగా చీది, తలవైపు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే నిద్ర పట్టేంత ఊరట దొరికింది. అర్ధరాత్రి లేచి మళ్లీ వాడవలసి వచ్చిన రోజులూ ఉన్నాయి.

వేగంలో ఇది ఓట్రివిన్‌కు సాటి రాదు. ఓట్రివిన్‌లోని జైలోమెటజోలిన్, నాసివియన్‌లోని ఆక్సీమెటజోలిన్ ముక్కులోని రక్తనాళాలను కుదించి నిమిషాల్లో గాలి ఆడేలా చేస్తాయి, ఆ ప్రభావం గంటల తరబడి నిలుస్తుంది. కానీ వరుసగా కొద్ది రోజులు దాటి వాడితే, మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటి కన్నా గట్టిగా మూసుకుపోయి, మళ్లీ ఆ సీసా కోసమే చెయ్యి చాచవలసి వస్తుంది. మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడవద్దని వైద్యులు చెప్పేది అందుకే. నెలల తరబడి సాగే దిబ్బడకు రోజుల లెక్కన వాడవలసిన మందు ఎలా సరిపోతుంది? పైగా మందు కొంత రక్తంలో కలిసి ఇతర రక్తనాళాలనూ కుదించే అవకాశం ఉన్నందున, గర్భిణులు వాడకపోవడమే మంచిదని బ్రిటన్‌లో ఓట్రివిన్‌తో ఇచ్చే సమాచారం చెబుతుంది. తప్పనిసరైతే తక్కువ మోతాదులో, రెండు మూడు రోజులకు అనుమతించే డాక్టర్లూ ఉన్నారు. ఆ నిర్ణయం వారిదే కావాలి, ముఖ్యంగా బీపీ ఉన్నవారి విషయంలో.

నన్ను బాధించిన విషయం మరొకటి ఉంది. మా వీధి మెడికల్ షాపులో ముక్కు దిబ్బడ అనగానే, ఎన్నో నెల అని కూడా అడగకుండా మందు స్ప్రేను చేతిలో పెట్టారు. ఒకే బ్రాండు పేరుతో మందు స్ప్రే, ఉప్పునీటి స్ప్రే రెండూ దొరుకుతున్నాయి కాబట్టి డబ్బా మీద పేరు కాకుండా లోపల ఏముందో చదివి కొనాలి. జలుబు మాత్రల్లోనూ ఫినైలెఫ్రిన్ వంటి రక్తనాళాలను కుదించే మందులు కలిసి ఉంటాయి. స్ప్రే వద్దన్నారని వాటి వైపు వెళ్లడం, అందులోనూ మొదటి మూడు నెలల్లో, అసలు మంచిది కాదు.