అక్కాచెల్లెళ్ళు పట్టిన గుట్టు: కథల సంకలనం మేలా, నవల మేలా?

అక్కాచెల్లెళ్ళే తమ ఇంటి చిక్కును తామే విప్పుకునే అపరాధ పరిశోధన రచనలు ఏ రూపంలో బాగుంటాయన్నది మా నల్లగొండ పక్కన పుస్తకాలు చదివే ఆడవాళ్ళ మధ్య చాలాసార్లు వచ్చిన ప్రశ్న. పలువురు రచయితల కథలు కలిపిన సంకలనం మేలా, ఒకే కుటుంబం చుట్టూ నడిచే నవల మేలా అంటే, ఒక్క సందర్భం తప్ప సంకలనమే మేలని నేను నమ్ముతాను. ఆ నమ్మకం నాకు పుస్తకాలకంటే ముందు మా ఇంట్లోనే కలిగింది.

అమ్మ పోయిన తరువాత పెద్ద సందుగ తెరిస్తే అందులో ఉండవలసిన బంగారు పుస్తెలతాడు లేదు. రెండు రోజులపాటు ఇంట్లో పని చేసిన ఆమె మీద, ఆ తరువాత వదిన మీద అనుమానపు మాటలు నడిచాయి. మూడో రాత్రి వాకిట్లో మంచం మీద కూర్చుని నేను, ఒక వేసవిలో అమ్మ మెడ దురద పెడుతున్నదని చెప్పి పుస్తెలను పసుపుతాడుకు మార్చుకున్న సంగతి గుర్తు చేసుకున్నాను. అక్క వెంటనే లేచి కూర్చుని, అది మన చేలో రెండో బోరు వేసిన వేసవి కాదా అని అడిగింది. నాకు బోరు సంగతి తెలియదు, అప్పుడు హాస్టల్లో ఉండి సెలవులకే వచ్చాను. అక్కకు పసుపుతాడు సంగతి తెలియదు, అప్పటికే ఆమె అత్తగారింట్లో ఉంది. చెరొక సగం కలిసేసరికి, అమ్మ తాడును కుదువ పెట్టి బోరు డబ్బులు కట్టిందని, దానిని మళ్ళీ విడిపించుకోలేకపోయిందని ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

ఈ రకమైన పరిశోధనలో వేలిముద్రలు ఉండవు, వెంటాడటం ఉండదు. ఒకే ఇంటిని వేర్వేరు వయసుల్లో చూసిన ఇద్దరి జ్ఞాపకాలే సాక్ష్యం, అవి కలిసిన క్షణమే కథ. ఆ క్షణానికి ఇరవై పేజీలు సరిపోతాయి; దానిని మూడు వందల పేజీలకు సాగదీస్తే మధ్యలో అనవసరమైన హత్యలు, దారి తప్పించే పాత్రలు తెచ్చిపెట్టుకోవలసి వస్తుంది. ఈ ప్రక్రియ పుట్టుకలోనే చిన్న రూపం ఉంది. షెర్లాక్ హోమ్స్ రచనల్లో నవలలు 4 అయితే కథలు 56. అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ కూడా 1927లో మొదట కథలోనే కనిపించింది: కొందరు మంగళవారం సాయంత్రం కూడి తమకు తెలిసిన చిక్కులు చెప్పుకుంటుంటే, అల్లిక పని చేసుకుంటున్న ఆ పెద్దావిడ తన ఊరివాళ్ళ నడవడి గుర్తు చేసుకుని వాటిని విప్పుతుంది. మన అరుగుల మీది ముచ్చట్లకు ఇంతకంటే దగ్గరి రూపం నాకు కనిపించలేదు.

సంకలనానికి లోపాలు లేవని కాదు. ప్రతి కథా మొదటి మూడు పేజీలు ఎవరు ఎవరికి చిన్నమ్మో, ఎవరు మేనబావో చెప్పడానికే ఖర్చవుతాయి. అంతకంటే పెద్ద లోపం, అక్కాచెల్లెళ్ళు అనగానే రచయితలు కవలల మీదకు పోవడం. ముందుగా పాఠకుడిని సిద్ధం చేయకుండా కవలలను దింపకూడదని ఇంగ్లీషు అపరాధ పరిశోధన రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే ఇలాంటి రచనలకు తాను పెట్టిన పది నియమాల్లో రాశాడు. ఒక సంకలనంలో రెండు కథలు ఆ నియమం తప్పినా మిగతా కథల మీద కూడా నమ్మకం పోతుంది. సంపాదకుల చేయి గట్టిగా ఉండవలసిన చోటు ఇదే.

నేను నవలకే ఓటు వేసే సందర్భం భూమి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది, కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి ఇవ్వలేదు. 2005లో కేంద్ర సవరణ వచ్చేదాకా ఆ తేడా నిలిచింది. అంటే ఆ ఇరవై ఏళ్ళూ 1984లో లగ్గమైన అక్కకు లేని హక్కు 1986లో లగ్గమైన చెల్లెలికి ఉండేది. ఇక్కడ పాత లగ్గంపత్రికే సాక్ష్యమవుతుంది, ఊరి భూముల రికార్డయిన పహాణీలో, సాగు చేసేవారి పేరు రాసే కాస్తు కాలమ్‌లో ఏ సంవత్సరం ఎవరి పేరు మారిందన్నది ఆధారమవుతుంది, పరిశోధించే ఇద్దరూ ఒకరికొకరు ఎదురు పక్షమవుతారు. ఇరవై ఏళ్ళ మౌనాన్ని, పండగకు వచ్చి కూడా ఎత్తని మాటను, ఒక కథలో ఇమిడించబోతే చివరికి దొరికేది తీర్పు మాత్రమే. ఆ ఇంటి మనుషులు దొరకరు.

బయటినుంచి వచ్చే ఇన్‌స్పెక్టరు పరిశోధించే మూడో రకం ఉంది కానీ, పసుపుతాడు సంగతి ఆయనకు ఎవరూ చెప్పరు కాబట్టి దానిని ఈ పోలికలో చేర్చడం లేదు.

బతుకమ్మకు తల్లిగారింటికి వచ్చే ఆడబిడ్డలు కలిసి చదువుకోవడానికి ఏది కొనాలని అడిగినవారికి నేను సంకలనమే చెబుతున్నాను. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా రోజుకొక కథ సరిపోతుంది, అక్క పైకి చదువుతుంటే చెల్లెలు మధ్యలో ఆపి తనకు అట్లా గుర్తులేదని అనడానికీ వీలుంటుంది. భూమి తగాదా మీది నవలను మాత్రం అత్తగారింటికి మళ్ళిన తరువాత ఎవరికి వారు చదువుకోవాలంటాను, అన్న ఇంటి వసారాలో కూర్చుని దానిని పైకి చదవడం చదివేవారికీ వినేవారికీ కష్టంగా ఉంటుంది.