అమ్మకు విటమిన్ బి12 మాత్రలు: నాలుగు నెలల వాడకం తర్వాత

అమ్మకు 68 ఏళ్లు. శాకాహారి, పన్నెండేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. అరికాళ్లలో తిమ్మిర్లు, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం. వయసు ప్రభావం అనుకున్నాం. రక్త పరీక్ష చేయిస్తే బి12 మిల్లీలీటరుకు 132 పికోగ్రాములే ఉంది. 200 లోపు ఉంటే తక్కువే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి సరిగా పట్టదు. ఆ ముక్క ముందే ఎవరైనా చెప్పాల్సింది!

ముందు ఇంజెక్షన్లు, ఇప్పుడు రోజుకో 1500 మైక్రోగ్రాముల మిథైల్‌కోబాలమిన్ (బి12లోనే ఒక రకం) మాత్ర. ఎర్రగా, చిన్నగా, సులువుగా గొంతు దిగుతుంది. రేకు మాత్రం అమ్మ వేళ్లకు చిరగదు. వెలుతురు తగిలితే మందు పాడవుతుంది కాబట్టి ముందే ఒలిచి పెట్టలేం, రోజూ నేనే తీసిస్తున్నా.

లోపం లేనివాళ్లకు ఇది జ్ఞాపకశక్తి మందు కాదు, పరీక్ష లేకుండా కొనకండి. అమ్మకు తిమ్మిర్లు బాగా తగ్గాయి. మొన్న నెల పాల లెక్కంతా కాగితం చూడకుండా చెప్పింది.