ఐదు గొంతుల ఫ్యూగ్‌ని పొరలు పొరలుగా రికార్డు చెయ్యడం: రీపర్‌ని చాలాకాలం వాడాక

ఫ్యూగ్ అంటే ఒకే వరసని (బాణీని) ఒక గొంతు తర్వాత ఇంకో గొంతు అందుకుంటూ అల్లుకునే రచన. గొంతంటే ఇక్కడ పాడేది కాదు, పియానో మీద విడిగా నడిచే ఒక్కో స్వరాల దారి. రీపర్ కంప్యూటర్‌లో సంగీతం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్. ఒక్కో గొంతునీ విడిగా వాయించి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఫ్యూగ్ రికార్డు చెయ్యడానికి రీపర్ పనికొస్తుందా అని అడిగితే, నిస్సందేహంగా పనికొస్తుందంటాను. కాకపోతే క్లిక్ (తాళం కొట్టే టిక్‌టిక్ శబ్దం) వింటూ మొదలుపెట్టకండి. ఎందుకో కింద చెప్తాను.

నేను దీన్ని ఎక్కువగా వాడింది బాఖ్ సి షార్ప్ మైనర్ ఫ్యూగ్ కోసం. 1722 నాటి ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’ మొదటి సంపుటంలోది. 115 బార్లు (తాళం ఆవర్తాలు), ఐదు గొంతులు. అసలు వరస అయిదే స్వరాలు. అది అన్నిటికన్నా కింది గొంతు బేస్‌లో పుట్టి, ఒక్కో గొంతూ అందుకుంటుంటే పైపైకి ఎక్కుతుంది. మూడో వంతు దగ్గర కొత్త వరస పరుగు మొదలవుతుంది, ఆ తర్వాత ఇంకొకటి. మూడూ కలిసిన చోట మధ్య గొంతులు ఏ చేతిలో ఉన్నాయో వాయించేవాడికే తెలియకుండా పోతుంది. నాకు ఆ మధ్య గొంతులే కావాలి.

మాది భీమవరం దగ్గర పల్లె. చుట్టూ రొయ్యల చెరువులే. రాత్రయితే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోత తెల్లారేదాకా ఆగదు, మైకు పెడితే పియానో కంటే ముందు అదే దూరుతుంది. తీగల పియానో కొందామన్నా ఈ తేమకి చెక్క ఉబ్బి శ్రుతి నిలవదు. అందుకే 88 కీల డిజిటల్ పియానో, యూఎస్‌బీ కేబుల్, ల్యాప్‌టాప్. మిడి, అంటే ఏ కీని ఎప్పుడు ఎంత బలంగా నొక్కామన్న సమాచారం మాత్రమే రికార్డవుతుంది కాబట్టి బయటి మోతతో పనే లేదు. శబ్దం కోసం ఉచితంగా దొరికే సాలమాండర్ గ్రాండ్ పియానో శాంపిల్స్ పెట్టుకున్నాను. యమహా సీ5 గ్రాండ్ పియానోని 16 స్థాయుల బలంతో రికార్డు చేసినవి అవి. శబ్దాన్ని కంప్యూటర్ ఎంతెంత ముక్కలుగా పంపాలో చెప్పే బఫర్‌ని 128కి దించితే 44,100 హెర్ట్జ్ దగ్గర దానివల్ల వచ్చే ఆలస్యం దాదాపు 3 మిల్లీసెకన్లు, వేలికి తెలియదు. పియానోలో లోకల్ కంట్రోల్ (కీ నొక్కితే పియానో తన సొంత శబ్దం చేసే ఏర్పాటు) ఆపెయ్యాలి, లేకపోతే ప్రతి స్వరం రెండుసార్లు వినిపిస్తుంది. కరెంటు ఎప్పుడు పోతుందో అన్న టెన్షన్ లేకుండా ఆటోసేవ్ పెట్టుకోవడం మరవకండి.

ఇక క్లిక్ సంగతి. క్లిక్ వింటూ అయిదు గొంతులూ పేరిస్తే అన్నీ సరిగ్గా కలుస్తాయి, ఫ్యూగ్‌కి మాత్రం ఊపిరి ఉండదు. ముందు మొత్తం ఫ్యూగ్‌ని రెండు చేతులతో, నా సొంత నడకలో ఒకసారి వాయించి గైడ్ ట్రాక్‌గా ఉంచుకుంటాను. స్వరాలు అక్కడక్కడా తప్పినా ఫర్వాలేదు, నడక ముఖ్యం. తర్వాత బార్ బార్‌కీ మొదటి దెబ్బ ఎక్కడ పడిందో గుర్తు పెడితే రీపర్ దాన్నిబట్టి టెంపో మ్యాప్ (ఎక్కడ వేగం ఎంతో చెప్పే పటం) తయారుచేస్తుంది. అంటే తెర మీద బార్ల గీతలు, ఆ గ్రిడ్డే నా వెంట నడుస్తుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఈ సాఫ్ట్‌వేర్‌ని వదలను. బేస్, దాని పై గొంతు టెనార్ పడ్డాక గైడ్‌ని మ్యూట్ చేసి, పై గొంతుల్ని వాటిని వింటూనే వాయిస్తాను.

విడిగా వాయించేటప్పుడు ప్రతి గొంతూ గట్టిగానే వస్తుంది. అయిదూ కలిపితే ఎవరి మాటా వినపడదు. వరస లేని గొంతుల వెలాసిటీని (కీ నొక్కిన బలాన్ని) ఎంతో కొంత తగ్గించక తప్పదు. కానీ లాభం కూడా ఇక్కడే ఉంది. టెనార్‌లో బార్ దాటి నిలిచే పొడుగు స్వరాన్ని రెండు చేతులతో వాయించేటప్పుడు వేలు త్వరగా వదిలేస్తుంది. ఆ గొంతొక్కటే వాయించినప్పుడు దాన్ని ఎంతసేపు పట్టుకోవాలో చెవికి తెలిసింది. ఇప్పుడు మామూలుగా వాయించినా ఆ వేలు కదలదు.

అన్నిటికన్నా ఓపిక కావల్సింది రెండు గొంతులు ఒకే కీ మీద కలిసే చోట. ఒకటి ఇంకా ఆ కీని పట్టుకుని ఉండగానే రెండోది అక్కడికే వస్తుంది. మొదటిది వదలగానే రెండోదాని శబ్దం కూడా తెగిపోతుంది. అయిదు ట్రాకులకీ అయిదు పియానోలు పెడితే తెగదు గానీ, ఆ స్వరం రెట్టింపు మోగుతుంది, స్వరాన్ని నిలిపి ఉంచే పెడల్ ఏ పియానోది దానిదే అయిపోతుంది. అయిదింటినీ ఒకే పియానోలోకి పంపడమే మంచిది. పియానో రోల్ (స్వరాలు గీతలుగా కనిపించే కిటికీ) తెరిచి, మొదటి స్వరాన్ని రెండోది మొదలయ్యేముందు రవ్వంత కత్తిరిస్తే చాలు, వేలు ఎత్తి మళ్లీ నొక్కినట్టే ఉంటుంది. పెడల్ ఆఖర్న, ఆరో ట్రాకులో ఒక్కసారే.

లోటు చెప్పాలంటే, రీపర్‌తో పాటు మంచి పియానో శబ్దం రాదు, మనమే తెచ్చుకోవాలి. మెనూలు కూడా కొత్తవాళ్లని బెదరగొడతాయి. 60 రోజులు అన్ని సౌకర్యాలతో ఉచితంగా వాడొచ్చు, తర్వాత వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. వేదిక మీద వాయించడానికి సాధన చేసేవాళ్లు దీని మీదే ఆధారపడకూడదు, ఐదు గొంతులూ ఒకేసారి మోసే బలం చేతులకి ఇలా రాదు. చర్చిలో కోయిర్ నడిపేవాళ్లకి మాత్రం గట్టిగా చెప్తాను. నేను క్రిస్మస్ కీర్తనలకి ఇదే పద్ధతిలో నాలుగు గొంతులూ వాయించి, ఆల్టో వాళ్లకి ఆల్టోని, టెనార్ వాళ్లకి టెనార్‌ని పైకి పెట్టి వాట్సాప్‌లో పంపిస్తున్నాను.