అవెంజర్స్ తొలి సంచిక కొంటున్నారా? ముందు చివరి పేజీ చూపించమనండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కామిక్స్ కొనేవాళ్లందరికీ చెబుతున్నా. సూపర్‌హీరోల జట్టు అవెంజర్స్ కామిక్ మొదటి సంచిక, మార్వెల్ కంపెనీ రీప్రింటు, 1,400 రూపాయలే అని మన వైపు గ్రూపుల్లో ఒకతను ఫొటోలు పెడుతున్నాడు. నేను కొని మోసపోయాను. దయచేసి మీరు డబ్బు పంపకండి.

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. సినిమాలన్నీ చూసి, "వీళ్లు అసలు మొదట ఎట్టా కలిశారు మామా?" అని ఏడాదిగా అడుగుతున్నాడు. పుట్టినరోజుకి అదే ఇద్దామని యూపీఐలో డబ్బు పంపించా. వారానికి పార్సిల్ వచ్చింది. ట్రంకురోడ్డులో కొరియర్ ఆఫీసు మెట్ల మీదే విప్పా. అట్ట మెరుస్తోంది. లోపల చూస్తే కలర్ జిరాక్స్! అక్షరాలు మసక, థోర్ శిరస్త్రాణం రెక్క అంచులో తెగిపోయింది, పిన్నులుండాల్సిన చోట జిగురు. కథ 22 పేజీలు. ఇందులో 20 ఉన్నాయి. చివరి ఆకు లేదు.

"రెండు పేజీలే కదా బ్రదర్" అన్నాడు అమ్మినవాడు ఫోన్లో. నాకు ఒళ్లు మండింది ఆ మాటకే. 1963లో రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కిర్బీ చేసిన ఈ కథలో ఎవరూ జట్టు కడదామని రారు. థోర్‌ని రప్పించాలని అతని శత్రువు లోకి అనేవాడు హల్క్ మీద నింద పడేలా చేస్తాడు. హల్క్ స్నేహితుడు రిక్ జోన్స్ రేడియోలో ఫెంటాస్టిక్ ఫోర్ అనే ఇంకో హీరోల జట్టుని పిలిస్తే, ఆ కబురు దారి తప్పి థోర్‌కి, ఐరన్ మ్యాన్‌కి, యాంట్ మ్యాన్, వాస్ప్‌లకి చేరుతుంది. సర్కస్‌లో మరమనిషి వేషంలో దాక్కున్న హల్క్ మీదకే థోర్ తప్ప మిగతావాళ్లు వెళతారు. కథంతా ఒకళ్లమీద ఒకళ్లకి అనుమానమే. కలిసుందామనే మాట, తరిమించుకుని విసిగిపోయిన హల్క్ సరేననడం, వాస్ప్ ఆ జట్టుకు పేరు పెట్టడం, అన్నీ చిట్టచివర్లోనే. రెండో సంచికలోనే హల్క్ వెళ్లిపోతాడు కాబట్టి ఇక్కడ అతను ఒప్పుకోవడం ఇంకా విలువైంది. మావాడు మొత్తం చదివి, ఆఖరి పేజీని వేలితో పట్టుకుని, "మరి జట్టు ఎప్పుడయ్యారు మామా?" అన్నాడు. ఏం చెప్పను?

మార్వెల్ పాత సంచికల్ని ఫ్యాక్సిమిలీ ఎడిషన్ పేరుతో నాటి ప్రకటనలతో సహా మళ్లీ అచ్చేస్తుంది. అట్ట మీద నాటి ధర 12 సెంట్లు అని కనిపించినంత మాత్రాన 1963 నాటి ప్రతి అనుకోవద్దు. ఎవరి దగ్గర కొన్నా పేజీలు తిప్పుతూ తీసిన వీడియో అడగండి, నడుమ పిన్నులు చూడండి. వీడియోకి సాకులు చెప్పేవాడి దగ్గర కొనొద్దు. నేను అడగలేదు, అదే నా తప్పు.

అమ్మినవాడు ఇప్పుడు నన్ను బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి రెండిటికీ ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చా. మీలో ఎవరైనా అతనికి డబ్బు పంపి ఉంటే పేమెంట్ స్క్రీన్‌షాట్, పార్సిల్ కవరు పారేయకండి. నాకు మెసేజ్ పెట్టండి, స్టేషన్‌కి కలిసే వెళదాం.