మొదట ఏది వినాలి: వెల్వెట్ అండర్‌గ్రౌండా, కింగ్ క్రిమ్సనా?

హన్మకొండ, కాజీపేట హాస్టళ్లలో గిటార్ పట్టిన పిల్లలు పింక్ ఫ్లాయిడ్ దాకా వచ్చాక అడిగేది ఒకటే: "అన్నా, ప్రయోగాత్మక రాక్ దేనితో మొదలుపెట్టాలె?" మాట ప్రతిసారీ రెండు తొలి ఆల్బమ్‌ల దగ్గరికే వస్తుంది. ఒకటి అమెరికా బ్యాండ్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్, గాయని నికోతో కలిసి 1967 మార్చిలో తెచ్చిన 'ద వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అండ్ నికో'. రెండోది 1969 అక్టోబర్‌లో వచ్చిన బ్రిటిష్ బ్యాండ్ కింగ్ క్రిమ్సన్ వాళ్ల 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్'.

సమీక్షలు చదివి తేల్చుకుందామంటే తేలదు. వెల్వెట్ వాళ్ల రికార్డును వచ్చిన కొత్తలో పట్టించుకున్నవాళ్లే తక్కువ. అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో అప్పట్లో 171వ స్థానం దాటి పైకి పోలేదు. దానికి తోడు, వెనక అట్ట మీద తన బొమ్మ వేశారని ఒక నటుడు పేచీ పెట్టడంతో కంపెనీ కాపీలను కొన్నాళ్లు వెనక్కి తీసుకుంది. అదే ఆల్బమ్‌ను రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 13వ స్థానంలో నిలబెట్టింది. క్రిమ్సన్‌ది ఇంకో కథ. బ్రిటన్‌లో వెంటనే 5వ స్థానానికి ఎక్కింది. 'ద హూ' అనే బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఆకాశానికెత్తాడు. అమెరికా విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గా మాత్రం 'డీ ప్లస్' ఇచ్చి, ఆ ప్లస్ కూడా టౌన్‌షెండ్‌కు నచ్చినందుకేనని రాశాడు.

నేనైతే డ్రమ్స్ చూస్తాను. కొత్తగా వినేవాడిని చివరిదాకా కూర్చోబెట్టేది అదే.

క్రిమ్సన్ డ్రమ్మర్ మైకేల్ జైల్స్ పనితనం అద్భుతం. మొదటి పాట మధ్యలో బ్యాండంతా పరుగు మీదుండి ఒక్కసారిగా ఆగుతుంది, మళ్లీ అంతే వేగంగా అందుకుంటుంది. ఒక్కరూ తడబడరు. విని నోరు తెరవాల్సిందే, కానీ ఇప్పుడిప్పుడే వాయించడం నేర్చుకునేవాడికి "ఇది మనవల్ల కాదు" అనిపిస్తుంది.

వెల్వెట్‌లో మోరీన్ టకర్ నిలబడి వాయిస్తుంది. పెద్ద డ్రమ్మును పడుకోబెట్టి, మ్యాలెట్లతో (మెత్తటి తల ఉన్న కర్రలతో) కొడుతుంది. సింబల్స్ జోలికి దాదాపు పోదు. 'హెరాయిన్' పాట ఏడు నిమిషాల పైన ఉంటుంది, ఉన్నవి రెండే కార్డులు (గిటార్ మీద ఒకేసారి మీటే స్వరాల గుంపులు). జాన్ కేల్ గిటార్ తీగలు బిగించిన వయోలా (వయోలిన్ కంటే కాస్త పెద్ద వాయిద్యం) మీద ఒకే స్వరాన్ని పట్టుకుని లాగుతుంటాడు. దెబ్బ వేగం పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆటలో ఒకే వరస, ఒకే చప్పట్లతో ఊపు పెరగడం విన్న చెవికి ఇది పరాయిదనిపించదు. అయిదు నిమిషాలు దాటాక డ్రమ్స్ హఠాత్తుగా ఆగిపోతాయి. రొద పెరిగి మిగతావాళ్ల వాయిద్యం వినపడక టకర్ ఆపేసింది. వాళ్లు ఆపలేదు. ఆమె మళ్లీ అందుకుంది. ఆ రికార్డింగునే ఆల్బమ్‌లో ఉంచారు. ప్రయోగం అంటే ఏమిటని అడిగేవాళ్లకు నేను ఈ చోటే వినిపిస్తాను.

ఇంకో సంగతి, ఎక్కడ వింటారన్నది. క్రిమ్సన్ 'మూన్‌చైల్డ్' 12 నిమిషాల పాట, అందులో ఎక్కువ భాగం చాలా మెల్లగా, అక్కడక్కడా ఒక చినుకంత శబ్దంతో నడుస్తుంది. కరీంనగర్ బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంజిన్ మోతే వినపడుతుంది. దానికి రాత్రిపూట, మంచి హెడ్‌ఫోన్స్ కావాలి. వెల్వెట్ రికార్డింగే గరుకు, కాబట్టి ఫోన్ స్పీకర్లో విన్నా పెద్దగా పోయేదేం లేదు.

అయితే గొంతు ముఖ్యం అనుకునేవాళ్లు, కీబోర్డు వాయించేవాళ్లు క్రిమ్సన్‌తోనే మొదలుపెట్టండి. వెల్వెట్ గాయకుడు లూ రీడ్ సగం పాడతాడు, సగం మాట్లాడతాడు. అది అందరికీ ఎక్కదు. క్రిమ్సన్ 'ఎపిటాఫ్'లో గ్రెగ్ లేక్ గొంతు వెనక మెలోట్రాన్ (టేపుల మీద రికార్డు చేసిన శబ్దాలను పలికించే కీబోర్డు) లేస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది, అందులో నాకే అనుమానమూ లేదు. మిగతా అందరికీ నా ఓటు వెల్వెట్‌కే. రెండు కార్డులు వచ్చినవాడు ఆ సాయంత్రమే వాళ్లతో కలిసి వాయించొచ్చు.

ఫ్రాంక్ జాపా బృందం మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్ తొలి ఆల్బమ్ 'ఫ్రీక్ అవుట్!' (1966) గురించీ అడుగుతుంటారు. అందులో ఎగతాళంతా అప్పటి అమెరికా మీదే, తర్వాత వినొచ్చు. జర్మనీ బ్యాండ్ 'నోయ్!' 1972 తొలి ఆల్బమ్ మాత్రం టకర్ దెబ్బ నచ్చినవాళ్లు వెంటనే పట్టుకోవాలి. మొదటి పాటే పది నిమిషాలు, క్లాస్ డింగర్ దరువు ఒక్కచోట కూడా సడలదు.