కాలిన నెగెటివ్‌ల నుంచి అపు త్రయం: క్రైటీరియన్ బ్లూరే సెట్

కొనేవాళ్లకు ముందుగా ఒక మాట. సత్యజిత్ రాయ్ అపు కథగా తీసిన మూడు సినిమాలతో అమెరికా కంపెనీ క్రైటీరియన్ వేసిన ఈ బ్లూరే సెట్ రీజియన్ ఏ. బ్లూరే డిస్కులకు ప్రాంతాన్ని బట్టి తాళం ఉంటుంది, వేరే రీజియన్ ప్లేయర్లో ఆడవు. మన దేశంలో అమ్మే ప్లేయర్లు రీజియన్ సి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. ఇక్కడివాళ్లు మల్టీ రీజియన్ ప్లేయర్ లేకుండా తెప్పించుకుంటే డబ్బు దండగే. 4కె యూహెచ్‌డీ డిస్కులకు ఈ గొడవ ఉండదు కాబట్టి తర్వాత వచ్చిన 4కె సెట్ మేలు.

ఇక బొమ్మ సంగతి. 1993లో లండన్‌లోని హెండర్సన్స్ ల్యాబ్ అంటుకున్నప్పుడు సత్యజిత్ రాయ్ నెగెటివ్‌లు కాలిపోయాయి. పనికిరావని తేలినా ఆస్కార్లు ఇచ్చే అకాడమీ వాళ్ల ఫిల్మ్ ఆర్కైవ్ ఆ ముక్కల్ని పారేయలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీలో బొలోన్యాలోని లిమ్మాజినే రిత్రోవాతా ల్యాబ్ వాటిని చేతిలోకి తీసుకుంది. వేడికి పెళుసెక్కిన ఫిల్ముకు తేమ పట్టించి మెత్తబరిచారు. కరిగి అంటుకున్న టేపు, జిగురు ఊడదీశారు. తర్వాత అంచుల్లో విరిగిన పెర్ఫరేషన్లు, అంటే ఫిల్మును పట్టి నడిపే రంధ్రాలు, తిరిగి కట్టారు. 35 ఎం.ఎం.లో ఫ్రేముకు ఒక్కో పక్క నాలుగు రంధ్రాలు. అవి సరిగా లేకపోతే స్కానర్లో ఫ్రేము కుదురుగా నిలవదు, తెరమీద బొమ్మ ఊగుతుంది. ఈ చేతిపనికే దాదాపు 1,000 గంటలు పట్టాయి.

ఇంతా చేస్తే అసలు నెగెటివ్ నుంచి దక్కింది ‘పథేర్ పాంచాలి’లో సుమారు 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతం పైన. మిగతాది ఫైన్‌గ్రెయిన్ మాస్టర్లు (నెగెటివ్ నుంచి తీసిన పాజిటివ్ కాపీలు), డూప్ నెగెటివ్‌ల (కాపీ నెగెటివ్‌లు) నుంచి తెచ్చి అతికారు. ‘అపుర్ సంసార్’ నెగెటివ్ వాడుకునే స్థితిలోనే లేదు, సినిమా మొత్తం ఆ కాపీలదే. కాపీ ఒక మెట్టు దిగిందంటే గ్రెయిన్ (ఫిల్ములో సహజంగా ఉండే సన్న రేణువులు) ముతకబడుతుంది, నీడల్లో వివరం పోతుంది. అందుకే మూడోది కాస్త మెత్తగా కనిపిస్తుంది. అది పని లోపం కాదు.

మెచ్చుకోవలసింది వాన. దుమ్ము తీసే సాఫ్ట్‌వేర్ ముందు ఫ్రేముతో, వెనక ఫ్రేముతో పోల్చి, ఒక్కదాంట్లోనే కనిపించిన మచ్చను చెరిపేస్తుంది. వానచినుకు కూడా ఒక్క ఫ్రేములోనే మెరిసి పోతుంది కదా! ఆటోమేటిక్‌కు వదిలేస్తే వాన సగం మాయమవుతుంది. ఇక్కడ ‘పథేర్ పాంచాలి’లో అపు అక్క దుర్గ తడిసే సీన్లో ఒక్కో చినుకూ నిలిచింది. గీతలు పోయినా ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నబడలేదు.

చూసేముందు టీవీలో నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. లేకపోతే వాళ్లు అంత జాగ్రత్తగా ఉంచిన గ్రెయిన్‌ను టీవీ తుడిచేస్తుంది. ఫ్రేము 1.37:1 కాబట్టి రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి. జూమ్ చేశారో, తలలు తెగుతాయి.