కొడితే కుంభస్థలం: 0.197 ష్వార్బర్ మేలా, 0.354 అరాయెజ్ మేలా?

మా బావకి కైల్ ష్వార్బర్ పేరెత్తితే ఒళ్ళుమంట. న్యూజెర్సీ వచ్చి పదేళ్ళు దాటినా బేస్‌బాల్‌ను క్రికెట్ కళ్ళతోనే చూస్తాడు. "ఐదుసార్లు దిగితే నాలుగుసార్లు ఊరికే పోయేవాణ్ణి మొదటి బ్యాటర్‌గా ఎవరన్నా పంపుతారా బావా?" అంటాడు. 2023 సీజన్ అంతా ఇదే గొడవ. ఆ ఏడాది ఫిలడెల్ఫియా ఫిలీస్ తరఫున ష్వార్బర్ సగటు 0.197. స్ట్రైకౌట్లు, అంటే మూడు స్ట్రైకులు పడి బంతి మైదానంలోకి వెళ్ళకుండానే అవుటైనవి, 215. మన సిక్సర్ లాంటి హోమ్ రన్లు మాత్రం 47. సగటు 0.200 కూడా లేకుండా ఒక సీజన్‌లో 40 హోమ్ రన్లు కొట్టినవాడు అంతకుముందు లేడు. అదే ఏడాది మయామీ మార్లిన్స్ ఆటగాడు లూయిస్ అరాయెజ్ 0.354 సగటుతో నేషనల్ లీగ్‌లో అత్యధిక సగటుకి దక్కే బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. ఏడాదంతా కలిపి స్ట్రైకౌట్ అయింది 34 సార్లే. బావ ఓటు అరాయెజ్‌కి. నిజం చెప్పాలంటే మొదట్లో నాదీ అదే.

ఒక ఆదివారం అన్నాలయ్యాక కరెంటు బిల్లు కవరు వెనక్కి తిప్పి ఇద్దరి లెక్కలూ పక్కపక్కన వేశాం.

ముందుగా ఒక మాట. మైదానంలో నాలుగు బేస్‌లు, అంటే మజిలీలు ఉంటాయి. వాటిని చుట్టి వస్తే ఒక పరుగు. బేస్‌బాల్ సగటు మన క్రికెట్ సగటు లాంటిది కాదు. హిట్లను (బంతి కొట్టి బేస్ చేరినవి) ఎట్-బ్యాట్లతో (వాక్‌ల లాంటివి తీసేయగా మిగిలిన బ్యాటింగ్ అవకాశాలు) భాగిస్తే వచ్చేది అది. ఒక్క బేస్ తెచ్చే సింగిల్ కొట్టినా ఒక హిట్టే, బంతి గోడ దాటినా ఒక హిట్టే. బౌలింగ్ చేసే పిచర్ నాలుగు బంతులు గురి తప్పి వేస్తే బ్యాటర్ ఉచితంగా మొదటి బేస్‌కి నడిచి వెళ్తాడు. దాన్ని వాక్ అంటారు. సగటులో ఆ వాక్‌కి చోటే లేదు.

అరాయెజ్ 574 ఎట్-బ్యాట్లలో 203 హిట్లు కొట్టాడు. అందులో 160 సింగిల్స్, 30 డబుల్స్, 3 ట్రిపుల్స్, 10 హోమ్ రన్లు. ఒక్కో హిట్‌కి ఎన్ని బేస్‌లు వస్తాయో అన్నీ కూడితే 160 + 60 + 9 + 40, మొత్తం 269. ష్వార్బర్ 585 ఎట్-బ్యాట్లలో కొట్టినవి 115 హిట్లు. 48 సింగిల్స్, 19 డబుల్స్, 1 ట్రిపుల్, 47 హోమ్ రన్లు. 48 + 38 + 3 + 188, మొత్తం 277. బావ కవరు లాక్కుని మళ్ళీ కూడాడు. 277 కదల్లేదు. ఈ బేస్‌లను ఎట్-బ్యాట్లతో భాగిస్తే వచ్చే స్లగింగ్ అరాయెజ్‌కి 0.469, ష్వార్బర్‌కి 0.474. 88 హిట్లు తక్కువ కొట్టినవాడు ముందున్నాడు.

వాక్‌లు కలిపితే ఇంకా వింతగా ఉంటుంది. ష్వార్బర్‌కి 126, అరాయెజ్‌కి 35. హిట్లూ వాక్‌లూ కలిపి బేస్ మీదకి చేరింది ష్వార్బర్ 241 సార్లు, అరాయెజ్ 238 సార్లు.

ఇక్కడితో ఆపేస్తే అరాయెజ్‌కి అన్యాయం చేసినట్టే. ష్వార్బర్ బ్యాట్ పట్టుకుని ప్లేట్ దగ్గరికి వచ్చింది 720 సార్లు, అరాయెజ్ 617 సార్లు. అంటే దాదాపు అన్నేసిసార్లు బేస్ చేరడానికి ష్వార్బర్‌కి వందకు పైగా అవకాశాలు ఎక్కువ పట్టాయి. వచ్చిన అవకాశాల్లో ఎన్నింట బేస్ చేరాడో చెప్పే ఆన్-బేస్ శాతంలో ఆ తేడా బయటపడుతుంది. అరాయెజ్‌ది 0.393, ష్వార్బర్‌ది 0.343. తొమ్మిది ఇన్నింగ్స్‌కి 27 అవుట్లే ఉండే ఆటలో అవుటే అసలు పెట్టుబడి. దాన్ని పొదుపుగా వాడింది అరాయెజే. అందుకని 2023 మటుకు నా తూకం కొద్దిగా అరాయెజ్ వైపే మొగ్గుతుంది. కానీ 0.354కీ 0.197కీ మధ్య కనిపించే ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం మాత్రం నిజం కాదు.

ష్వార్బర్‌నే విడ్డూరం అనుకుంటే జోయీ గాలో సంగతి వినాలి. టెక్సాస్ రేంజర్స్‌కి ఆడుతూ 2017లో 41 హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏడాది అతని సింగిల్స్ 32. మరుసటి ఏడాది 40 హోమ్ రన్లు, 38 సింగిల్స్. కెరీర్‌లో 100 సింగిల్స్ పూర్తి కాకుండానే 2019లో 100వ హోమ్ రన్ కొట్టేశాడు. అంతకుముందు ఎవరూ చేయని పని అది. ఎడమచేతి వాటం గాలో బంతిని ఎక్కువగా కుడివైపుకే లాగుతాడని ప్రత్యర్థులు బేస్‌ల దగ్గర కాపుకాసే ఇన్‌ఫీల్డర్లలో ముగ్గురిని అటే మోహరించేవాళ్ళు. మామూలుగా సింగిల్ అయ్యే బంతి నేరుగా ఎవరో ఒకరి గ్లవ్‌లో పడేది. 2023 నుంచి రెండో బేస్‌కి చెరోవైపు ఇద్దరేసి ఉండాలని నియమం వచ్చింది గానీ, గాలో మంచి రోజులు అప్పటికే దాటిపోయాయి.

మార్క్ మెగ్వైర్ ఇదే బాటలో ముందే నడిచాడు. 1999లో 65 హోమ్ రన్లు కొట్టి, తన బ్యాట్‌తో 147 పరుగులు రాబట్టాడు. ఆ ఏడాది అతని మొత్తం హిట్లు 145. హిట్ల కన్నా రాబట్టిన పరుగులే ఎక్కువ! చివరి సీజన్ 2001లో సగటు 0.187కి పడిపోయినా 23 సింగిల్స్‌కి 29 హోమ్ రన్లు ఉన్నాయి.

గాలోనా, ష్వార్బరా అంటే నేను ఆలోచించకుండా ష్వార్బర్ అంటాను. తేడా హోమ్ రన్లలో లేదు, ఓపికలో ఉంది. గాలో 2018లో 207 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, వాక్‌లు 74. ఆన్-బేస్ శాతం 0.312 దగ్గరే ఆగింది. కొడితే కుంభస్థలమే కొడతానన్నవాడు, కొట్టలేని బంతిని వదిలేయడం కూడా నేర్చుకోవాలి. ష్వార్బర్‌కి ఆ విద్య వచ్చు.

ఇప్పుడు రెండో ఒడ్డుకి వెళ్దాం. బలమూ కావాలి, స్ట్రైకౌట్ కాకూడదు అంటే జో డిమాజియో. న్యూయార్క్ యాంకీస్‌కి 13 సీజన్లు ఆడి 361 హోమ్ రన్లు కొట్టాడు. ఆ మొత్తం కాలంలో స్ట్రైకౌట్లు 369. గాలో 2017, 2018 రెండేళ్ళవి కలిపితేనే 403. వరసగా 56 ఆటల్లో హిట్ కొట్టిన 1941లో డిమాజియో హోమ్ రన్లు 30, స్ట్రైకౌట్లు 13. అదీ ఎక్కడ? ఆనాటి యాంకీ స్టేడియంలో లెఫ్ట్-సెంటర్ గోడ 457 అడుగుల దూరంలో ఉండేది. కుడిచేతి బ్యాటర్ అయిన డిమాజియో గట్టిగా కొట్టిన బంతులు అక్కడ క్యాచ్‌లయ్యేవి. సొంత మైదానంలో 148 హోమ్ రన్లు, బయట 213 ఉండటానికి అదే కారణం. గోడ దగ్గరగా ఉండుంటే ఆ 361 ఎంతయ్యేదో అని ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

అయితే డిమాజియోకి ఎదురైన పిచర్లు వేరు. ఒకే మనిషి తొమ్మిది ఇన్నింగ్స్ వేసే రోజులవి. అలసిన చేతిని మూడోసారి, నాలుగోసారి ఎదుర్కొనే వీలు ఉండేది. పైగా 1947 దాకా నల్లజాతి పిచర్లను ఆ లీగుల్లోకి రానివ్వలేదు. 1941లో ఒక జట్టుకి ఆటకి సగటున నాలుగు స్ట్రైకౌట్లు కూడా ఉండేవి కావు. 2023లో ఎనిమిదిన్నర దాటాయి. ఇన్నింగ్స్ ఇన్నింగ్స్‌కి కొత్త పిచర్ వచ్చి గంటకి దాదాపు 100 మైళ్ళ వేగంతో వేస్తుంటే 13 స్ట్రైకౌట్లతో సీజన్ గడవదు.

సీజన్‌లో స్ట్రైకౌట్ల కన్నా హోమ్ రన్లు ఎక్కువున్న పెద్ద బ్యాటర్లలో టెడ్ క్లుజెవ్స్కీ 1954లో 49 హోమ్ రన్లు, 35 స్ట్రైకౌట్లతో నిలిచాడు. ఇటీవలి కాలంలో అది చేసింది బ్యారీ బాండ్స్. 2004లో 45 హోమ్ రన్లు, 41 స్ట్రైకౌట్లు. వాక్‌లు 232. అందులో 120 సార్లు ప్రత్యర్థులు కావాలనే బేస్ ఇచ్చి పంపేశారు. ఆన్-బేస్ శాతం 0.609. దీని పక్కన రోజర్ మారిస్ 1961ని పెట్టండి. 61 హోమ్ రన్లు కొట్టిన ఆ ఏడాది కావాలని ఇచ్చిన వాక్ ఒక్కటీ లేదు, ఎందుకంటే మారిస్ తర్వాత దిగేది మికీ మ్యాంటిల్. అతన్ని వదిలేస్తే వచ్చేది ఇంకో పిడుగు. బాండ్స్ అంకెల మీద స్టెరాయిడ్ల నీడ ఉంది, అందుకే నేను ఈ తూకంలో ఆయన్ని కూర్చోబెట్టను.

నిలకడ కావాలనే బావ కోసం ఇంకో మూడు. ఆడమ్ డన్ 2005 నుంచి 2008 దాకా ఏటా సరిగ్గా 40 హోమ్ రన్లు కొట్టాడు. క్రిస్ డేవిస్ 2015 నుంచి 2018 దాకా నాలుగేళ్ళూ సగటు 0.247 దగ్గరే నిలబడ్డాడు, ఆ నాలుగో ఏడాది 48 హోమ్ రన్లతో అందరికన్నా ముందున్నాడు. చొక్కా మీద 44 వేసుకున్న హ్యాంక్ ఆరన్ నాలుగు వేర్వేరు సీజన్లలో 44 కొట్టాడు. వీటిలో ఏది ఎక్కువ వింత అంటే నా ఓటు 0.247కే. హోమ్ రన్లను ఒకటొకటిగా లెక్కపెట్టుకోవచ్చు, సగటు మూడో అంకె దాకా నాలుగేళ్ళు అలా కుదరడం ఎవరి చేతిలోనూ ఉండదు.

చివరికి ఆ కవరు మీద బావా నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. ఆట మొదలు, బేస్‌లన్నీ ఖాళీ, అవుట్లు సున్నా అయితే ష్వార్బర్. స్ట్రైకౌట్ అయితే పోయేది ఒక్క అవుట్, తగిలితే స్కోరు బోర్డు మీద పరుగు, ఓపిక పడితే వాక్. తొమ్మిదో ఇన్నింగ్స్, మూడో బేస్ మీద మనవాడు, ఒక అవుట్ అయిపోయి, గెలవడానికి ఒక్క పరుగు చాలంటే అరాయెజ్. బంతి కాస్త దూరంగా లేస్తే చాలు, క్యాచ్ పట్టినా మూడో బేస్ వాడు పరిగెత్తుకుని ఇంటికి, అంటే చివరి బేస్‌కి, వస్తాడు. ఆ క్షణంలో ష్వార్బర్ దిగితే బావ టీవీ ముందు నుంచి లేచిపోతాడు. నేను కూర్చునే ఉంటాను గానీ, చేతులు మాత్రం బిగుసుకుపోతాయి.